పాత చిరునామాకూ ఒక కాపీ

మా ఇల్లు, ముందు గది
జనవరి 22

పిచ్చుకకు,

నీ కార్డు పదకొండో తారీకున అందింది. ముప్పై ఏళ్ళుగా డిసెంబరు ఐదు దాటకుండా పేజీ నిండా వార్తలు పంపే మనిషివి, ఈసారి నెల ఆలస్యంగా నాలుగు వాక్యాలు రాశావు. "ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరాను. ఆరోగ్యం బాగానే ఉంది. కొత్త చిరునామా కింద రాశాను. అది నీ దగ్గరే ఉంచుకో, పుస్తకంలో వేయక్కర్లేదు."

వేయక్కర్లేదంటే ఎలాగే? కాలేజీ వదిలిన రోజున ముప్పై ఒక్కమందిమీ కూర్చుని ఒప్పుకున్నదేమిటి? ఏడాదికోసారి అందరి పని, పిల్లలు, ప్రయాణాలు, చిరునామా నేను పుస్తకంగా వేసి అందరికీ పంపాలని. ఎవరి పేరు కిందా ఖాళీ ఉండకూడదు. హాస్టల్ పని చిన్నదని సిగ్గుపడుతున్నావని నాకు అర్థమైంది. యాభై మూడేళ్ళ వయసులో కొత్తగా సిగ్గేమిటి? అంతమంది ఆడపిల్లలకి అన్నం పెట్టి, వేళకి ఇంటికి చేర్చే పని చిన్నదా? అందుకని వేశాను. వీధి, ఇంటి నంబరు, ఎదురుగా పాల బూత్ అన్న గుర్తుతో సహా. కాపీలన్నీ నిన్న నా చేత్తో పోస్టులో వేశాను.

నీ కాపీ వచ్చేలోపల కొన్ని ముక్కలు. క్లాసులో ఆగకుండా మోగే మన గంట రేడియోలో కుదురుకుంది. మాట్లాడినందుకు జీతమిచ్చే పిచ్చివాళ్ళు చివరికి దొరికారు. కవలలిద్దరూ (ఒకే తల్లి పిల్లలు కారని ఇప్పటికీ సగంమందికి తెలియదు) ఓడ ప్రయాణానికి వెళ్ళి మూడో రోజున కిటికీ పక్క మంచం కోసం పోట్లాడుకుని, మిగతా పదకొండు రోజులూ మాట్లాడుకోకుండా తిరిగొచ్చారు. ఇద్దరూ విడివిడిగా నాకు ఒకే కథ రాశారు. లాయరమ్మ రెండో కూతురికి పెళ్ళయింది. డాక్టరమ్మ నాలుగేళ్ళ విదేశీ ఉద్యోగం ముగించి వచ్చి, అక్కడి చలి గురించి నాలుగు పేజీలూ అక్కడి రోగుల గురించి ఒక వాక్యమూ పంపింది. కత్తిరించాను.

నా సంగతి: బడిలో హెడ్మిస్ట్రెస్‌గా ఇంకా అయిదేళ్ళు. మనవరాలికి పదకొండు నెలలు, నాలుగు పళ్ళు. నన్ను చూడగానే ఏడుపు ఆపేస్తుంది. భయమో ప్రేమో ఇంకా తేల్చుకోలేదు.

మీ ఆయన గురించి ఒక్క ముక్క రాయలేదే? కిందటేడు రిటైరవ్వాలి కదా. హాస్టల్లో ఆయన్ని ఉండనిస్తారా?

రిజిస్టరు


హాస్టల్, రెండో అంతస్తు
జనవరి 27

రిజిస్టరూ,

పుస్తకం అందింది. ఇరవై ఆరో నంబరు దగ్గర నా చిరునామా చూశాను.

ఒక్కటే అడుగుతున్నాను, ఈ ఉత్తరం చేతికందగానే జవాబు రాయి. నా కాపీ ఇక్కడికి మాత్రమే పంపావు కదా. మా పాత ఇంటికి ఏదీ వెళ్ళలేదు కదా. వెళ్ళి ఉండదులే ఇక్కడికి వచ్చిందిగా.

ఇక్కడ బాగానే ఉంది. అరవై నాలుగుమంది పిల్లలు, స్నానాల గదులు ఆరు. పొద్దున్న ఆరింటికి చూడాలి ఆ యుద్ధం. నా గదికి తలుపు, తలుపుకి గడియ, గడియ లోపలి వైపు. పోస్టు వస్తే కవరు నేనే చింపుకుంటున్నాను. చింపడం సరిగ్గా రావడం లేదు, నీ పుస్తకం మూల చిరిగింది.

గంటని రేడియోలో విన్నాను. మధ్యలో ఎవరూ అడ్డు రాకపోతే ఎంత బాగా మాట్లాడుతుందో.

వెంటనే రాయి.

పిచ్చుక


మా ఇల్లు, ముందు గది
ఫిబ్రవరి 2

పిచ్చుకకు,

రెండు చోట్లకీ పంపాను. ఎందుకు పంపనూ? ఎనిమిదేళ్ళ కిందట డాక్టరమ్మ ఇల్లు మారినప్పుడు కొత్త ఇంటికి పంపిన కాపీ దారిలో పోయింది. నా మీద ఏడాదంతా అలిగి కూర్చుంది. అప్పటినుంచి నా పద్ధతి ఇది: చిరునామా మారినవాళ్ళకి ఆ సంవత్సరం కొత్తదానికొకటి, పాతదానికొకటి. ఈ ఎనిమిదేళ్ళలో పద్నాలుగుమంది ఇళ్ళు మారారు, ఒక్క కాపీ కూడా పోలేదు. నీ పాత ఇంటికి వెళ్ళిన కాపీ మీ ఆయన తీసుకుంటాడు, లేదంటే పక్కింటివాళ్ళు. దానికింత కంగారెందుకు?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కామాలు ఉండాల్సినచోట లేవు. "కవరు నేనే చింపుకుంటున్నాను" అని రాశావు. ఇన్నాళ్ళూ ఎవరు చింపారు?

ఏం జరిగిందో రాయి. వార్తల పేజీకి కాదు, నాకు.

రిజిస్టరు


హాస్టల్, రెండో అంతస్తు
ఫిబ్రవరి 11

రిజిస్టరూ,

నీ జవాబు అయిదున వచ్చింది. ఆయన నాలుగునే వచ్చారు.

నీకు ముందే చెప్పాల్సింది. కార్డులో ఇంకో వాక్యం రాస్తే సరిపోయేది: ఇల్లు వదిలి వచ్చేశాను అని. రాయలేకపోయాను. మిగతా అందరికీ తెలుస్తుందని కాదు. నువ్వు నమ్మవేమోనని. నమ్మడానికి చూపించే గాయమేదీ నా దగ్గర లేదు. ఇరవై ఏడేళ్ళలో ఆయన నా మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. నేను బయటికెళ్తే వెళ్ళిన వేళ, వచ్చిన వేళ ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవారు, అంతే. కూరలకి ఇరవై నిమిషాలు. ఇరవై మూడు పడితే, "ఆ మూడూ ఏమయ్యాయి?" అని మెల్లగా అడిగేవారు. జవాబు చెప్పేదాకా అదే ప్రశ్న. అన్నం ముందు, అన్నం తర్వాత, మర్నాడు. నాకొచ్చిన ప్రతి ఉత్తరం ముందు ఆయన చదివేవారు. నీకు డిసెంబరు అయిదు లోపల పంపిన ఆ పేజీల వార్తలన్నీ ఆయన చెబితే నేను రాసినవే. ఒక్క తప్పైనా ఉందా వాటిల్లో? ఉండదు.

ఆఫీసుకి వెళ్ళినన్నాళ్ళూ తొమ్మిదినుంచి అయిదు దాకా నావి. ఆ వేళలతో బతికాను. రిటైరయ్యాక అవీ పోయాయి. మూడో నెలలో వచ్చేశాను.

ఇప్పుడు మా హాస్టల్ ముందు గదిలో, సందర్శకుల బల్ల మీద కూర్చుంటున్నారు. సరిగ్గా తొమ్మిదింటికి వస్తారు, అయిదింటికి లేస్తారు. ఆఫీసు వేళలే. ఇస్త్రీ చొక్కా, క్యారియర్లో భోజనం, చేతిలో నీ పుస్తకం. ఎవరినీ ఏమీ అనరు. వాచ్‌మన్ అడిగితే, "మా ఆవిడ కోసం వచ్చానండీ. ఆవిడకి వీలైనప్పుడే రమ్మనండి, తొందరేం లేదు" అన్నారట.

తొందరేం లేదు. ఆ మాట విని పైకెళ్ళి గడియ వేసుకున్నాను.

పిచ్చుక


మా ఇల్లు
ఫిబ్రవరి 21

నా పిచ్చుకా,

ఈ ఉత్తరం అయిదోసారి మొదలుపెడుతున్నాను. క్షమించమని రాస్తే నీ నెత్తిన ఇంకో పని పెట్టినట్టవుతుంది. రాయను. అడగకుండా తప్పు చేసి ఉంటే కొంత నయం. నువ్వు వద్దని రాసిచ్చాక చేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, ఈ ఆరు రోజులూ ఆకులే పట్టుకున్నాను. మీ ఊరి వాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని లిస్టంతా చూశాను, లేరు. లాయరమ్మకి ఫోను చేశాను. "కొట్టాడా?" అంది. లేదన్నాను. "బెదిరించాడా?" లేదు. "తాగొచ్చి గొడవా?" లేదే తల్లీ, బల్ల మీద కూర్చుంటున్నాడు. "పొద్దున్నుంచి సాయంత్రందాకా బల్ల మీద కూర్చోవడం నేరమైతే నా ఆఫీసు గుమస్తాలందరూ జైల్లో ఉండాలి" అంది. తర్వాత తనే నొచ్చుకుని, విడాకుల కాగితం వెయ్యొచ్చు, ఏళ్ళు పడుతుంది, ఈలోగా ఆయన్ని లేపే సెక్షను ఏదీ లేదు అంది. కూతురి పెళ్ళి ఫొటోలు పంపిస్తానంది.

గంటకి చెబితే ఏడ్చింది. తర్వాత, "ఈ వయసులో ఎందుకే, సర్దుకోమను. అన్నేళ్ళు ఉండనే ఉందిగా" అంది. ఫోను పెట్టేశాను. డాక్టరమ్మ నిద్రమాత్రల పేరు రాసి పంపింది. మీ అమ్మాయికి కూడా రాశాను. దాని జవాబు నీకు చూపించకూడదనుకున్నాను, కానీ దాచడం వల్లే ఇదంతా జరిగింది కనుక రాస్తున్నాను: "నాన్న రోజూ వెళ్ళి కూర్చుంటున్నారంటే అమ్మంటే ఎంత ప్రేమో మీకర్థం కావడం లేదా ఆంటీ?"

నాకు తెలిసిన తలుపులన్నీ తట్టాను. మన బ్యాచ్‌లో లాయరుంది, డాక్టరుంది, రేడియో ఉంది, ఇద్దరు ప్రొఫెసర్లున్నారు. బల్ల మీద కూర్చున్న ఒక్క మనిషిని లేపగలిగినవాళ్ళు లేరు.

పుస్తకాలు వెనక్కి పంపమని మిగతా ఇరవై తొమ్మిదిమందికీ కార్డులు రాశాను. ఏ ఉపయోగమూ లేదని తెలిసే రాశాను. ఏదో ఒకటి రాయకుండా ఉండలేకపోయాను.

నీ రిజిస్టరు


హాస్టల్, రెండో అంతస్తు
మార్చి 3

రిజిస్టరూ,

నిన్ను నువ్వు తిట్టుకోకు. ఆ కాపీ వెళ్ళకపోయినా ఎప్పటికో కనుక్కునేవారేమో. నిజమో కాదో తెలియదు, నీ కోసం అనుకుంటున్నాను.

ఇరవై ఎనిమిది రోజులయింది. నేను ముందు గదిలో అడుగుపెట్టలేదు. వంటింటి మెట్ల మీదుగానే రాకపోకలు. పెరటి గేటుంది కానీ, బల్ల పక్క కిటికీలోంచి అది తిన్నగా కనిపిస్తుంది. అయిదు తర్వాత ఎదురు లాడ్జిలో ఉంటారు. ఆ గదికీ కిటికీ ఉంది, అందులోంచి సందు చివర కనిపిస్తుంది.

మొదట పిల్లలు భయపడ్డారు. ఇప్పుడు "అంకుల్" అంటున్నారు. ఒకమ్మాయికి క్షేత్రగణితం చెప్పారట, పరీక్షలో పాసయింది. నిన్న ముగ్గురు నా గదికొచ్చి, "మేడమ్, పాపం అంకుల్ మీ కోసం రోజూ రెండు జామపండ్లు తెచ్చి, సాయంత్రం తిరిగి తీసుకెళ్తున్నారు. ఒక్కసారి మాట్లాడండి మేడమ్" అన్నారు. చిన్నపిల్లలు. వాళ్ళకి తప్పకుండా వచ్చి కూర్చునే మనిషి కావాలి, ఎవరికి వద్దు?

కమిటీ వాళ్ళు పిలిచారు. "మీ ఇంటి గొడవ ఇంట్లో తేల్చుకోండమ్మా. ఆయన పెద్దమనిషి, గెంటేయడానికి మాకు కారణం లేదు. నెలాఖరులోగా ఒక దారి చూసుకోండి" అన్నారు. ఆయన్ని గెంటడానికి కారణం కావాలి. నన్ను గెంటడానికి అక్కర్లేదు.

కిందికెళ్ళి గట్టిగా చెప్పేయొచ్చుగా అంటావు. అక్కడే ఉంది చిక్కంతా. ఆయన "పద" అంటే నా కాళ్ళు లేస్తాయే. నా సంగతి నాకు తెలుసు. వద్దని మనసు అరుస్తూనే ఉంటుంది, పెట్టె సర్దేసి ఉంటాను.

పిచ్చుక


మీ హాస్టల్, సందర్శకుల బల్ల
మార్చి 12, ఉదయం పదింబావు

పిచ్చుకా,

ఉలిక్కిపడకు. కిందే ఉన్నాను. వంటామె ఈ కాగితం తెచ్చిస్తుంది. బడికి నాలుగు రోజులు సెలవు పెట్టి రాత్రి బండికి వచ్చాను. నిన్ను చూడాలని మెట్లదాకా వచ్చి ఆగిపోయాను. నేను పైకొస్తే ఆయనా లేచి వెంట వస్తాడేమోనని.

వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "రిజిస్టరు గారు కదూ? కూర్చోండి చెల్లెమ్మా, ఇటు గాలి వస్తుంది" అని జరిగి చోటిచ్చాడు.

"మీరు ఇంటికి వెళ్ళిపోండి" అన్నాను. పిల్లల్ని గడగడలాడించే గొంతుతోనే అన్నాను.

"వెళ్తానమ్మా. ఆవిడ వస్తే ఇద్దరం వెళ్తాం."

"తను రానంటోంది."

"నాతో అనలేదే."

"నాతో అంది."

"మీరు దూరంలో ఉంటారు చెల్లెమ్మా, ఉత్తరాల్లో మనుషులు ఏవేవో రాస్తారు. నేను దగ్గరుండి చూసినవాణ్ణి." కోపం లేదు, వెటకారం లేదు. మీ పాత ఇంటికి పంపిన పుస్తకం తెరిచాడు. ప్రతి పేజీలో పెన్సిలు గీతలు. "గంటగారి అబ్బాయికి ఇంజనీరింగులో సీటొచ్చిందా? రాలేదని నిరుడు వేశారు. చక్కగా రాస్తారమ్మా మీరు. ఎదురుగా పాల బూత్ అని కూడా వేశారు. దారిలో ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది. నేనూ సర్వే ఆఫీసులో ముప్పై అయిదేళ్ళు కొలతలు రాశాను. మనిద్దరిదీ ఒకటే పద్ధతి."

దులిపేద్దామని వచ్చినదాన్ని, గ్లాసుతో ఆయనిచ్చిన మంచినీళ్ళు తాగి కూర్చున్నాను. నువ్వెలా కూర్చున్నావో ఇరవై ఏడేళ్ళు, ఈ గంటలో కొంచెం తెలిసింది.

ఏం చెయ్యనే? చెప్పు. ఏది చెప్పినా చేస్తాను.

రిజిస్టరు


పైన
మధ్యాహ్నం

ఎందుకొచ్చావే ఇంత దూరం, ఆ మోకాళ్ళతో. మెట్ల మలుపులోంచి నీ తల చూశాను. జుట్టంతా తెల్లబడింది. ఫొటో ఎప్పుడూ పంపవు, మా అందరి ఫొటోలూ అడుగుతావు.

చెయ్యగలిగింది ఏమీ లేదు. ఒక చోటైతే ఉంది. ఇదివరకు ఇక్కడ పనిచేసినావిడ రమ్మంటోంది. పది రోజులుగా చిన్న పెట్టె మంచం కింద సర్దే ఉంది. పెరటి గేటు దాటి సందు చివరిదాకా వెళ్ళడానికి ఆ కిటికీ ముందు ముప్పై అడుగులు. ఆయన తల తిప్పితే చాలు, పిలుస్తారు. పిలిస్తే ఆగుతాను.

ఆయన ఆ కిటికీ వదలరు. అన్నం కూడా అటు తిరిగే తింటారు.

నువ్వు ఇంటికి వెళ్ళు. మనవరాలు ఎదురుచూస్తుంది.

పి.


బల్ల మీదనుంచే
మార్చి 12, సాయంత్రం నాలుగు

పిచ్చుకా,

ఆయన మర్యాదస్తుడు. పొద్దున్నుంచి గమనించాను. ఆడవాళ్ళు మాట్లాడుతుంటే ముఖం తిప్పుకోడు. మాట పూర్తయ్యేదాకా కదలడు, మధ్యలో అందుకోడు. నేను కిటికీకి ఎదురు మూలన కూర్చుంటే, నా మాట వింటున్నంతసేపూ కిటికీ ఆయన వీపు వెనక ఉంటుంది.

రేపు పదకొండింటికి మొదలుపెడతాను. ఒకటో నంబరు నుంచి మన బ్యాచ్ వార్తలన్నీ, పుస్తకంలో వేసినవీ కత్తిరించినవీ కూడా. మనిషికి రెండు నిమిషాల చొప్పున గంటా రెండు నిమిషాలు. ఆయన వింటాడు. తప్పులు పట్టుకోవడానికైనా వింటాడు.

పది నంబర్లు అయ్యాక దిగు. తొందరపడి పరిగెత్తకు, చప్పుడవుతుంది.

ఎక్కడికి వెళ్తున్నావో నాకు చెప్పకు. వంటామెకి చెప్పకు, మీ అమ్మాయికి చెప్పకు. ముఖ్యంగా నాకు. నువ్వు వెళ్ళాక ఆయన నన్నే అడుగుతాడు. మెల్లగా అడుగుతాడు, రేపూ ఎల్లుండీ, మా ఇంటికొచ్చి కూడా. నాకు అబద్ధం చెప్పడం రాదు. ఇన్నేళ్ళలో నేర్చుకోలేదు, ఇప్పుడు నేర్చుకునే నమ్మకం లేదు. నాకు తెలియకపోవడం ఒక్కటే నేను నీకు ఇవ్వగలిగింది.

దగ్గరగా ఒక్కసారి చూద్దామనుకున్నాను. వద్దులే.

రిజిస్టరు


ఒక రైలుస్టేషను, టికెట్ల వరస
మార్చి 13

రిజిస్టరూ,

వరసలో నిలబడి పెట్టె మీద పెట్టి రాస్తున్నాను, అక్షరాలు బాగుండవు. స్టేషను ఏదో ముద్రలో కనిపించకుండా రైల్లో ఎవరికైనా ఇచ్చి ఇంకెక్కడో పోస్టు చేయిస్తాను.

చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. మెట్ల మలుపులో నీ గొంతు వినిపించింది. కాలేజీలో హాజరు పిలిచిన గొంతే. కవలల ఓడలో ఉన్నావు. మూడో రోజు పోట్లాట చెప్పావు. ఆయన నవ్వారు. ఆ నవ్వుకి నా కాళ్ళు ఆగిపోయాయి, చాలా సేపు అనిపించింది. నువ్వు ఆపలేదు. "నంబరు పదిహేడు" అన్నావు, కొంచెం గట్టిగా. అప్పుడు కదిలాను. ముప్పై అడుగులూ నడిచాను. ఎవరూ పిలవలేదు.

ఆయన వెతుకుతారు. తొందరపడరు. నాకెంత వ్యవధి ఉందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇక ఉత్తరాలు రాయను. నీ చేతిరాత చూడకుండా జనవరి ఎలా గడుస్తుందో చూడాలి.

పదిహేడు దగ్గర గేటు దాటాను. నాది ఇరవై ఆరు. మనిషికి రెండు నిమిషాలన్నావు కనుక పద్దెనిమిది నిమిషాల్లో నా వంతు వచ్చి ఉంటుంది. అప్పటికి నేను రిక్షాలో ఉన్నాను. గడియారం చూసుకుంటూనే ఉన్నాను. ఆయన ఎదురుగా కూర్చుని వింటుండగా నా వార్త ఏమని చెప్పావే? తెలుసుకోవాలని ఎంత ఉందో. ఎక్కడికి రాయమనను?

పిచ్చుక